బజారు కూడలిలో అమరావతి రాళ్లు

ఒక జాతి తన జ్ఞాపకాలను పదిలపరచుకొనుటకు ఎన్నుకొన్న సాధనాలు పలు విధాలు. కొందరు తాటాకుల మీద వ్రాసినారు. కొందరు పాటగా కట్టి నోటినుండి నోటికి అందించినారు. కొందరు మ్రాను మీద, మరికొందరు రాతి మీద చెక్కినారు. తాటాకు గ్రంథాన్ని ఏ ఊరికి తీసికొనిపోయినను అందలి మాట చెడదు. చెక్కి నిలిపిన స్తంభం సంగతి అట్లు కాదు. అది ఎక్కడ నిలిచినది, ఏ దిక్కు చూచుచున్నది, దాని ప్రక్కన మరేమి ఉన్నది అనునవి కూడ అందలి మాటలో భాగాలే. స్తంభాన్ని అక్కడినుండి పెకలించి ఒక నగరపు తోటలోనో బజారులోనో అలంకారంగా నిలిపినప్పుడు శిల్పం మిగులును. అది చెప్పుచున్న కథ మాత్రం నడుమ తెగిపోవును.

ఈ సత్యాన్ని తెలిసికొనుటకు మనం దూరదేశాలకు పోనక్కరలేదు. మన ఇబ్రహీంపట్నానికి ఎగువన, కృష్ణ కుడిగట్టున అమరావతి ఉన్నది. దిగువన, సముద్రతీరాన మచిలీబందరు ఉన్నది. సుమారు 1830లో అమరావతి స్తూపపు శిల్పాలు బందరు బజారుకు అలంకారాలైనవి. దాదాపు డెబ్బది ఏండ్ల తరువాత ఇటువంటి పనే అమెరికాలోని సియాటిల్ నగరంలోను జరిగినది. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒకదాని వెలుగులో మరొకటి చక్కగా తెలియును.

టోటెమ్ స్తంభం అనగానేమి?

ఉత్తర అమెరికా పడమటి తీరాన, అలాస్కా దక్షిణభాగం నుండి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వరకు, ట్లింగిట్, హైడా, నిస్గా, హైస్లా మొదలైన ఆదిమ జాతులవారు తరతరాలుగా నివసించుచున్నారు. ఆ తీరంలో సెడార్ అనే మహావృక్షాలు పెరుగును. ఒక మ్రానును నరికి, నేలమీద పరుండబెట్టి, క్రిందినుండి కొనవరకు కాకి, గ్రద్ద, ఎలుగు, తోడేలు, తిమింగలం, కప్ప మొదలైన రూపాలను ఒకదానిపై ఒకటిగా చెక్కి నిలువబెట్టుదురు. దీనినే టోటెమ్ స్తంభం అందురు.

మన కొండపల్లి కళాకారుడు తేలికయైన పొనికి చెక్కను ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో వాటిని అతికి, రంగులు వేసి బొమ్మను తీర్చును. ఆ బొమ్మ ఎవరి ఇంటికి పోయినను అందమే. అమ్ముటకే అది పుట్టినది. టోటెమ్ స్తంభం అట్టిది కాదు. దానికి ఒక వంశం యజమాని. అందలి ప్రతి రూపం ఆ వంశపు చిహ్నం. మనలో నక్కావారు, చింతావారు, తాటివారు అని జంతువుల పేర, చెట్ల పేర ఇండ్ల పేర్లున్నట్లే, అక్కడ కాకివంశం, గ్రద్దవంశం మొదలైన విభాగాలున్నవి. మరణించిన పెద్ద స్మృతికై ఒక స్తంభం, వంశపు హక్కులను చాటుటకు మరొకటి, అస్థికలు దాచుటకు ఇంకొకటి నిలుపుదురు. స్తంభం ఎత్తే దినాన నలుదిక్కుల వారిని పిలిచి, విందుచేసి, కానుకలు పంచి, దాని కథను అందరి ఎదుట చెప్పుదురు. వచ్చినవారందరు ఆ కథకు సాక్షులు. పాశ్చాత్యులు మొదట తలచినట్లు ఇవి పూజావిగ్రహాలు కావు. వంశచరిత్రకు, హక్కుకు పత్రాల వంటివి. ఇట్టి విందులను కెనడా ప్రభుత్వం 1885 నుండి 1951 వరకు చట్టంచేత నిషేధించినదనగా, ఆ జాతుల జీవనంలో అవి ఎంత లోతుగా వేరూనినవో ఊహింపవచ్చును.

సియాటిల్ స్తంభం

1899లో సియాటిల్ నగరపు వర్తక ప్రముఖులు కొందరు ఓడలో అలాస్కాకు విహారయాత్ర పోయినారు. తిరుగు ప్రయాణంలో టాంగాస్ అనే ట్లింగిట్ గ్రామం వద్ద ఓడ ఆగినది. గ్రామస్థులు చేపలవేటకు పోయియున్నందున ఊరు నిర్మానుష్యంగా కనబడినది. విడిచిపోయిన ఊరని చెప్పుకొని, ఒక స్తంభాన్ని నరికి, ముక్కలుగా కోసి ఓడకెక్కించినారు. ఆ సంవత్సరమే అక్టోబరు 18న సియాటిల్ నగరంలోని పయొనీర్ కూడలి తోటలో దానిని ఘనంగా ఆవిష్కరించినారు. కాకివంశపు ఒక కుటుంబంవారు తమ పెద్ద స్త్రీ స్మృతికై నిలుపుకొన్న స్తంభం అది. యజమానులు ఫిర్యాదు చేయగా దొంగతనపు అభియోగం వచ్చినది. అభియోగం నిలువలేదు, 500 డాలర్ల సొమ్ముతో వ్యవహారం ముగిసినది. స్తంభం మాత్రం నగరంలోనే ఉండిపోయినది.

1938లో ఎవరో నిప్పు పెట్టగా ఆ స్తంభం పాడైనది. దాని స్థానంలో కొత్తదానిని చెక్కుటకు నగరం మరల ట్లింగిట్ శిల్పులనే ఆశ్రయింపవలసి వచ్చినది. వారు చెక్కిన ప్రతిరూపం 1940లో నిలిచినది. నేడు ఆ కూడలిలో కనబడునది ఆ రెండవ స్తంభమే. చెక్క కాలినను, చెక్కే చేయి, చెప్పే నోరు మిగిలియున్నందువలన ఆ కథ పూర్తిగా అంతరించలేదు.

అమరావతి మహాచైత్యం

ఇక మన తీరానికి వత్తము. అమరావతి ప్రక్కనే ఉన్న ధరణికోట పూర్వకాలపు ధాన్యకటకం. అక్కడి మహాచైత్యం మౌర్యుల కాలంలో ఆరంభమై, సాతవాహనుల కాలంలో మహోన్నత దశను పొందినది. దాని అండపు వ్యాసం సుమారు 50 మీటర్లు. చుట్టు ప్రదక్షిణాపథం, దానికి వెలుపల ఎత్తైన రాతి ప్రాకారం. నాలుగు దిక్కులను ఐదేసి ఆయక స్తంభాలు నిలిచియుండెడివి. బుద్ధుని జననం, గృహత్యాగం, సంబోధి, ప్రథమోపదేశం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులని పండితుల మతం. నిలిపిన స్తంభమే ఒక కథను చెప్పుట అమెరికా తీరంలోనే గాక మన తీరంలోను ఉన్నదన్నమాట.

ప్రాకారపు స్తంభాలకు, అడ్డుపలకలకు, పై దూలాలకు నిండుగా శిల్పాలు. ఈ రాళ్లను తెల్లవారు పాలరాళ్లని పిలిచినారు గాని, నిజానికి ఇవి పలనాటి సున్నపురాళ్లు. ప్రదక్షిణం చేయు భక్తుడు అడుగడుగున ఒక్కొక్క ఘట్టాన్ని చూచుచు సాగును. కావున ఇది రాతితో కట్టిన గ్రంథం. నడచుచు చదువవలసిన గ్రంథం. ఒక పలక తరువాత మరొక పలక ఏది అనునది తెలియకున్న దీనిని చదువుట సాధ్యం కాదు.

ఈ గ్రంథానికి కర్తలు రాజులు మాత్రమే కారు. పలకలమీద బ్రాహ్మీలిపిలో దాతల పేర్లున్నవి. భిక్షువులు, భిక్షుణులు, గృహస్థులు, వర్తకులు, స్త్రీలు తమ శక్తికొలది ఒక స్తంభమో, ఒక పలకయో సమర్పించినారు. విధికుడను చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కూడి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చినట్లు ఒక శాసనం చెప్పుచున్నది. రెండువేల ఏండ్లనాడు చెప్పులు కుట్టి జీవించిన ఒక కుటుంబపు పేరు రాజుల పేర్లతోబాటు నిలిచియుండుట ఈ రాళ్ల గొప్పతనం. మరియొక రాతిమీది 'నాగబు' అను మాట తెలుగు పదమని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించినారు.

దిబ్బ త్రవ్వకం

బౌద్ధం క్షీణించినను ఈ క్షేత్రం వెంటనే మరుగునపడలేదు. 1344 నాటి సింహళ శాసనమొకటి ధాన్యకటకంలో ఒక బౌద్ధాచార్యుడు చేయించిన జీర్ణోద్ధరణను పేర్కొనుచున్నది. ఆ పిమ్మట చైత్యం మట్టిలో కప్పబడి, ప్రజల నోట దీపాలదిన్నె అయినది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు చింతపల్లి నుండి తమ రాజధానిని అమరావతికి మార్చి, కొత్త పట్టణాన్ని కట్టించినారు. రాళ్లకై, నిక్షేపాలకై దిబ్బను త్రవ్వించినారు. ఆ వార్త విని కల్నల్ కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చినాడు. మరల 1816లో తన సర్వేయర్లతోను చిత్రకారులతోను వచ్చి దిబ్బను కొలిపించి, ఏ రాయి ఎక్కడ ఉన్నదో పటం వ్రాయించి, శిల్పాల బొమ్మలను గీయించినాడు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మెకంజీవద్ద పనిచేసి దక్షిణదేశ చరిత్రకు సామగ్రిని సేకరించినవారే.

మెకంజీ కూడ కొన్ని రాళ్లను తరలించినాడు. ఆయన మీద ఆ ఆక్షేపణ ఉండవలసినదే. కాని ఆయన గీయించిన బొమ్మలు, పటాలు ఉన్నందువలననే నేడు మహాచైత్యపు రూపాన్ని కొంతవరకైనను ఊహించుకొనగలుగుచున్నాము. ఆయన బొమ్మ గీయించిన రాళ్లలో చాలవాటి జాడ నేడు తెలియదు. రాయి పోయినను కాగితం మిగిలినది. ఈ మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను.

బందరు బజారులో

సుమారు 1830లో మచిలీబందరు కలెక్టరు ఫ్రాన్సిస్ రాబర్ట్‌సన్ తన పేర ఒక కొత్త పేటను, బజారును ఏర్పరచినాడు. ఆ బజారు కూడలిలో కట్టించిన కట్టడానికి అందం చేకూర్చుటకై అమరావతి నుండి 33 శిల్పఫలకాలను తెప్పించి అమర్చినాడు. దీనినే ఆంగ్లేయులు రాబర్ట్‌సన్ దిబ్బ అని పిలిచినారు. రాబర్ట్‌సన్‌పేట అను పేరు బందరులో నేటికిని వినబడుచున్నది. ఆ రాళ్లు మాత్రం అక్కడ లేవు.

ప్రదక్షిణపు వరుసలో చదువవలసిన శిల్పాలు, తరలించువారి ఇష్టం వచ్చిన వరుసలో ఒక సంతకు అలంకారాలైనవి. ఏ రాయి ప్రాకారంలో ఏ దిక్కున నిలిచినది, దాని ప్రక్కన ఏది ఉన్నది అనే లెక్క ఎవరును ఉంచలేదు. అక్కడికి వచ్చినవారు వాటిని చూచి ఆనందించియే ఉందురు. కాని ఆ ఆనందం, ఒక మహాకావ్యపు పుటలను చించి గోడకు అంటించినప్పుడు కలుగు ఆనందం వంటిది.

1835లో మద్రాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడమ్ బందరుకు వచ్చి, ఈ శిల్పాలను చూచి మెచ్చుకొని, మద్రాసుకు పంపవలెనని ఆదేశించినాడు. పని వెంటనే నెరవేరలేదు. కొన్ని రాళ్లు ఓడరేవు అధికారియైన అలెగ్జాండర్ ఇంటి తోటకు చేరినవి. 1850 తరువాతి దశకంలో గాని అవి మద్రాసు మ్యూజియానికి చేరలేదు. చైత్యం నుండి బజారుకు, బజారు నుండి తోటకు, తోట నుండి మ్యూజియానికి – ప్రతి మజిలీలోను రాయి తన ఊరికి మరికొంత దూరమైనది.

తరువాతి కథ ఇంకను పెద్దది. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో త్రవ్వించి అనేక శిల్పాలను మద్రాసుకు పంపినాడు. అవి అక్కడ ఏండ్లతరబడి ఆరుబయట పడియున్నవి. 1859లో 121 రాళ్లను లండనుకు ఓడకెక్కించినారు. అక్కడను వాటికి వెంటనే చోటు దొరకలేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అను పండితుడు వాటిలో చాలవాటిని ఒక బండ్లశాలలో కనుగొన్నాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరి, చాలకాలం అక్కడి మెట్లదారి గోడలకు అమర్చబడియుండి, లండను గాలికి రాయి చెడుచున్నదని గ్రహించిన పిమ్మట 1992లో అద్దాల వెనుక ప్రత్యేక మందిరంలో నిలుపబడినవి. అమరావతిలో 1880 ప్రాంతాన గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ఆజ్ఞచేత దిబ్బ నడిమి భాగమంతయు త్రవ్వివేయగా, మహాచైత్యముండిన చోట గొయ్యి మిగిలినది. మిగిలిన శిల్పాలను బర్జెస్ మద్రాసుకు తరలించుచుండగా, పురాతన కట్టడాల సంరక్షణాధికారి హెచ్. హెచ్. కోల్, శిల్పాలను వాటి స్థానంలోనే కాపాడవలెనని వాదించినాడు. ఆ మాట చెల్లలేదు.

ఒక ఆక్షేపణకు సమాధానం

ఇక్కడ ఒక ప్రశ్న రాగలదు. తెల్లవారు తరలించకున్న ఈ రాళ్లు మిగిలెడివా? స్థానికులే వాటిని మెట్లకు, గోడలకు వాడుకొనలేదా? సున్నపు బట్టీలలో కాల్చలేదా? నిజమే. ఎన్నో శిల్పాలు సున్నమైపోయినవి. తరలినవాటిలో కొన్ని తరలినందువలననే మిగిలినవని ఒప్పుకొనవలెను.

అయితే తరలించుట వేరు, లెక్కలేకుండ తరలించుట వేరు. ఇందుకు మన కృష్ణాతీరమే మరొక దృష్టాంతం చూపుచున్నది. నాగార్జునసాగరం కట్టినప్పుడు నాగార్జునకొండ లోయ మునుగవలసి వచ్చినది. 1954 నుండి 1960 వరకు భారత పురావస్తుశాఖవారు లోయనంతటిని త్రవ్వి, కొలిచి, పటాలు వ్రాసి, ముఖ్యమైన కట్టడాలను కొండపైకి చేర్చి పునర్నిర్మించినారు. ఆ కొండ నేడు జలాశయం నడుమ దీవి. అక్కడి మ్యూజియంలో శిల్పాలున్నవి. స్థానం మారినను వాటి చరిత్ర మారలేదు. ఏ కట్టడం లోయలో ఎక్కడ ఉండెడిదో గ్రంథస్థమై ఉన్నది. బందరు బజారుకును నాగార్జునకొండకును గల భేదమిదియే.

రెండవ ప్రశ్న ఇంకను కఠినమైనది. సియాటిల్ స్తంభానికి యజమానులు సజీవులు. వారు ఫిర్యాదు చేయగలిగినారు. అమరావతి రాళ్లను దానమిచ్చినవారు ఏనాడో గతించినారు; బౌద్ధసంఘం ఆ చోటినుండి తొలగిపోయినది. 1830లో రాబర్ట్‌సన్‌ను నిలదీయవలసిన వారెవరు? ఆ రాళ్లకు వారసులెవరు? విధికుని మతం నేడు ఇక్కడ ఎందరికి ఉన్నదని కాదు ప్రశ్న. ఆయన నీరు త్రాగిన కృష్ణయే మనము త్రాగుచున్నాము. ఈ నేలమీద నివసించువారందరు, ఏ మతంవారైనను, ఏ భాషవారైనను, వాటికి వారసులే. వారసత్వమన్నది హక్కు మాత్రమే కాదు, ముందు బాధ్యత.

తిరిగివచ్చుచున్నవి

పోయినవన్నియు పోయినట్లే కాదు. 1929లో స్వీడన్‌కు చేరిన హైస్లా జాతివారి స్తంభం 2006లో స్వస్థలానికి తిరిగివచ్చినది. స్వీడన్‌వారికి లోటు లేకుండ హైస్లా శిల్పులు ఒక ప్రతిరూపాన్ని చెక్కియిచ్చినారు. 1929లోనే తరలింపబడి స్కాట్లండ్ మ్యూజియానికి అమ్ముడుపోయిన నిస్గా జాతివారి స్మారకస్తంభం 2023లో ఇల్లు చేరినది. ఆ స్తంభాలు ఏ వంశానివో, ఎవరి స్మృతికై నిలిచినవో చెప్పగల జ్ఞాపకం ఆ జాతులలో చెడక నిలిచియున్నందువలననే ఇది సాధ్యమైనది.

మన రాష్ట్రానికిని ఇట్టి భాగ్యం కలిగినది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుండి అపహరింపబడిన బుద్ధారాధకుల శిల్పఫలకాన్ని, తెలియక 2005లో కొనిన ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల, అది చందవరానిదే అని తేలిన పిమ్మట 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చినది. ఏ ఊరిదో తేలని రాయిని ఏ ఊరికి పంపగలరు? రాయి ఇల్లు చేరుటకు దాని చిరునామా కావలెను.

మన కర్తవ్యం

కృష్ణా మండలంలో పాతరాళ్లకు కొదువలేదు. చెరువుగట్టున, పాత మసీదు ప్రాంగణంలో, గుడి వెనుక, రచ్చచెట్టు క్రింద, పొలంగట్టున శాసనాలు, వీరగల్లులు, విరిగిన స్తంభాలు కనబడుచుండును. కొన్నిటిమీద బట్టలుదుకుచున్నారు, కొన్నిటికి సున్నం కొట్టుచున్నారు, రోడ్డు వెడల్పు చేయునప్పుడు కొన్ని మట్టితోబాటు పోవుచున్నవి. కొన్నిటిని మంచి మనసుతోనే తెచ్చి ఉద్యానవనాలలో నిలుపుచున్నారు. ఈ చివరి పనిని చేయువారు రాబర్ట్‌సన్ కథను ఒకమారు తలచుకొనవలెను.

విద్యార్థి చేయదగిన పని చిన్నదే గాని విలువైనది. పాతరాయి కనబడినప్పుడు దానిని కదల్చరాదు. అక్షరాలలో సున్నంగాని, రంగుగాని పూయరాదు. ఫొటో తీసి, అది ఉన్న చోటు, చూచుచున్న దిక్కు, కొలతలు, ఊరి పెద్దలు దానినిగూర్చి చెప్పు కథ, చూచిన తేదీ కాగితంపై వ్రాసి, పురావస్తుశాఖకు తెలుపవలెను. నిక్షేపాలనుగూర్చి 1878 నుండియు, పురావస్తువుల క్రయవిక్రయాలు, ఎగుమతినిగూర్చి 1972లోను చేసిన చట్టాలు మన దేశంలో ఉన్నవి. కాని చట్టానికి కన్నులు మనమే.

మెకంజీ బృందం గీసిన బొమ్మలు రెండువందల ఏండ్ల తరువాత కూడ పోయిన రాళ్లను మనకు చూపుచున్నవి. బందరు బజారులోని ఆ 33 రాళ్లకు మొదటనే ఒక్క కాగితం తోడుగా ఉండియుండినచో, ఏ భక్తుడు ఏ అడుగున నిలిచి ఏ శిల్పాన్ని చూచెనో నేడు చెప్పగలిగెడివారము. ఆ కాగితం వ్రాయు పని ఆనాడు ఎవరును చేయలేదు. మన ఊరి రాళ్ల విషయంలో ఆ పని ఇంకను మన చేతిలోనే ఉన్నది.